అమ్మమ్మకి కరెంటు పెట్టించిన రోజులు

మొన్న మా పెదనాన్న కూతుర్ని చూడడానికి అరసవల్లి వెళ్లాను. తిరిగి వచ్చేటప్పుడు శ్రీకాకుళం బస్టాండుకి ఆటో కోసం సూర్యదేవుడి గుడి వీధి మలుపులో నిలబడ్డాను. పక్కనే ఒక ముసలావిడ ఖాళీ చేపల గంప బోర్లించి దాని మీద కూర్చుంది. కొంగుముడి విప్పి చుట్ట తీసి వెలిగించింది. రెండు మూడు దమ్ములు లాగాక, చుట్టని చటుక్కున తిప్పి, నిప్పు ఉన్న కొసని నోట్లో పెట్టుకుని పెదాలు బిగించింది. చదువుకునే ఆడపిల్లలు ఇద్దరు ఫోన్లు తీసి ఆవిణ్ణి వీడియో పట్టడం మొదలెట్టారు. ఆవిడ వాళ్లకేసి చూసి, ముక్కులోంచి పొగ వదిలి, కళ్లతోనే నవ్వింది. మావైపు దీన్ని అడ్డపొగ అంటారు. ఒకప్పుడు మా తీరం పొడుగునా ఆడవాళ్లందరూ ఇలాగే కాల్చేవారు. ఇప్పుడు ఎక్కడో ఒకరు కనిపిస్తారు, అందుకే ఫోన్లు బయటికి వచ్చాయి.

నేను ఊరుకోలేకపోయాను. దగ్గరికి వెళ్లి, "అమ్మా, ఒక్కసారి నోరు తెరిసి సూపించవా?" అని అడిగాను.

ఆవిడ చుట్ట బయటికి తీసి నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఎందుకు? నువ్వు డాకటేరివేటి?"

"కాదు. కాలేజీలో పాఠాలు సెప్పేదాన్ని."

"పాఠాలు సెప్పినోళ్లకి నా నోటితో ఏటి పని? అదిగో ఆటో వచ్చినాది, ఎల్లమ్మా, ఎల్లు."

ఆటో ఎక్కాను. బస్సు కూడా ఎక్కాను. కానీ ఆ వాసన చీర కొంగుకి పట్టుకున్నట్టు విజయనగరం దాకా నాతోనే వచ్చింది. కమురు కలిసిన తీపి వాసన అది. ఇంటికి వచ్చి స్నానం చేసినా పోలేదు. అది పొగాకు వాసన కాదు, నా పాతికేళ్ల వయసు వాసన అని అప్పుడు తెలిసింది.

ఆ వయసులో నేను విజయనగరంలో మా పిన్ని ఇంట్లో ఉండేదాన్ని. రైలు పట్టాల అవతల రెండు గదుల పెంకుటిల్లు, ముందు వసారా, వెనక బాదం చెట్టు. మా అమ్మానాన్నలు తీరంలో మా ఊళ్లోనే చేపల వ్యాపారం చూసుకునేవారు. తాతయ్య పోయాక అమ్మమ్మ కూడా ఎండుచేపల మూటతో పిన్ని దగ్గరికి వచ్చేసింది. బాబాయి గరివిడిలో మాంగనీసు కరిగించే ఫెర్రో ఎల్లాయ్స్ కర్మాగారంలో పనిచేసేవాడు. పొద్దున్నే పాసింజరు పట్టుకుని వెళ్లి, సాయంత్రం చెవుల మడతల్లో నల్లటి పొడితో తిరిగొచ్చేవాడు. అతను స్నానం చేస్తే నూతి గట్టు మీద మసి నీళ్లు చాలాసేపు పారేవి. బాబాయి అమ్మమ్మకి సొంత తమ్ముడి కొడుకే. అందుకని ఆ ఇంట్లో అల్లుడి మర్యాదలేమీ లేవు. "ఒరే రావుడూ" అని ఆవిడ పిలిచేది, "ఏటత్తా" అని అతను పలికేవాడు.

ఆ ఇంటి వాసనలు విడివిడిగా ఉండేవి కావు. తెల్లవారకముందే పిన్ని రాజేసిన కుంపటి బొగ్గు వాసన, రాగులతో కాచిన చోడంబలి పులిసిన వాసన, అటక మీద ఎండు నెత్తళ్ల చేపల బుట్ట వాసన, వాటన్నిటి మీదా దుప్పటి కప్పినట్టు అమ్మమ్మ చుట్ట వాసన. ఆవిడ తొడ మీద పొగాకు పరిచి తనే చుట్టుకునేది. నిప్పు నోట్లో పెట్టుకునే బియ్యంలో రాళ్లు ఏరేది, రోలు కడిగేది, నా జడ వేసేది. ఎందుకలా తిప్పి కాలుస్తావని ఓసారి అడిగితే, "సముద్రం గాలికి బయట నిప్పు నిలుస్తాదేటే? మా అత్త నేర్పినాది. తడి సేతుల్తో మాటిమాటికీ ముట్టుకోనక్కర్లేదు," అంది. తిట్టాలంటే మాత్రం చుట్ట బయటికి తియ్యాలి. అందుచేత అమ్మమ్మ చెయ్యి నోటి దగ్గరికి వెళ్లిందంటే పిన్నీ నేనూ ఇద్దరం మెల్లగా పెరట్లోకి జారుకునేవాళ్లం.

నేను ఎమ్మెస్సీ ముగించి, కమలా మేడం దగ్గర పరిశోధనలో చేరి అప్పటికి కొంతకాలమైంది. మా పని గడ్డకట్టించిన గాజుల మీద. కిటికీ గాజు కాదు. కొన్ని ద్రావకాలు ఉన్నాయి, వాటిని సన్నటి గొట్టంలో పోసి ద్రవ నైట్రోజన్‌లో ముంచితే మంచులా తెల్లగా గడ్డకట్టవు, అద్దంలా తేటగా బిగుసుకుపోతాయి. అందులో అణువులు ఎక్కడివక్కడ ఆగిపోతాయి. ఆ తేట గాజు మీద గామా కిరణాలు పడితే రంగు వస్తుంది. కొన్ని నేరేడుపండు రంగుకి తిరుగుతాయి. ఇంకో పదార్థం చిటికెడు కలిపి ఉంటే రంగు మారి నెమలి మెడలా అవుతుంది. కిరణం ఒక అణువులోంచి ఎలక్ట్రాన్‌ని ఊడగొడుతుంది. మామూలు ద్రవంలో అయితే అది కన్ను మూసి తెరిచే లోపల సొంత చోటికి తిరిగొచ్చేస్తుంది. ఇక్కడ అంతా బిగుసుకుని ఉంది కాబట్టి సందుల్లో చిక్కుకుపోతుంది. అయితే ఆ గాజులో ఎలక్ట్రాన్ కోసం ఆశగా ఉన్న అణువు ఒకటి ఎక్కడో దూరంగా ఉంటే, ఎవరూ కదలని ఆ చలిలో కూడా అది మధ్యలో ఉన్నవాళ్లని దాటుకుని దాని దగ్గరికి చేరుతుంది. ఎలా చేరుతుంది, ఎంత దూరం దాకా చేరగలదు అన్నదే నా పరిశోధన. దెబ్బ ఒకచోట తగిలితే గుర్తు మరోచోట తేలుతుంది అని మేడం మొదటి రోజే చెప్పింది. ఆ మాట అప్పుడు నాకు చాలా అందంగా అనిపించింది.

గామా కిరణాల యంత్రం విశాఖలో ఉండేది, రంగు కొలిచే యంత్రం విజయనగరంలో మా కాలేజీలో. ఆ రెంటి మధ్యా రైల్లో ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకుని నేను. గొట్టాలు వెచ్చబడితే రంగు పోతుంది, వెలుగు తగిలినా పోతుంది. అందుకని నల్లగుడ్డ చుట్టి, మూతికి దూది వదులుగా పెట్టి, ఎవరి మోచెయ్యి తగులుతుందోనని ఒళ్లంతా బిగపట్టుకుని కూర్చునేదాన్ని. దూది సందుల్లోంచి తెల్లటి పొగ వస్తుంటే పక్కవాళ్లు జరిగిపోయేవారు. నైట్రోజన్ తగ్గిపోతే విజయనగరంలో దొరికే చోటు ఒక్కటే, పశువుల ఆసుపత్రి. ఆవులకి వేసే ఇంజెక్షన్ల కోసం ఆంబోతు బీజం అందులో దాచేవారు. మేడం మాట మీద నాకు కొంచెం పోసేవారు. "ఎద్దుల దగ్గర అడుక్కునే సదువేటే నీది," అని పిన్ని పగలబడి నవ్వేది.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం అమ్మమ్మ అంబలి తాగుతూ పచ్చిమిరపకాయ కొరికి, ఉలిక్కిపడి గిన్నె కింద పెట్టేసింది. అంత కారం తినే మనిషి కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఏటీ నేదు, నోరు పొక్కినాది," అంది. నేను టార్చిలైటు తెచ్చి నోరు తెరవమన్నాను. ఆవిడ అంగిలి నాకు తెలిసినంత కాలం బీటలు వారిన మన్నులాగే ఉండేది, మధ్యమధ్య ఎర్రటి చుక్కలతో. అడ్డపొగ కాల్చే వాళ్లందరికీ అలాగే ఉంటుందని ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఆ సాయంత్రం ఒక పక్కన చింతపిక్కంత పుండు కనిపించింది, అంచులు లేచి.  టార్చి వెలుగు ఆవిడ పళ్ల మీదికీ ముక్కు మీదికీ జారిపోయింది.

"ఏటే గుంటా, పామున్నాదేటి నోట్లో?" అంది అమ్మమ్మ.

ఊళ్లో డాక్టరు చూసి మాట్లాడకుండా విశాఖ పంపించారు. అక్కడ చిన్న ముక్క తీసి పరీక్షకి ఇచ్చారు. జవాబు వచ్చే దాకా ఇంట్లో ఎవరూ ఆ పుండు పేరెత్తలేదు. పిన్ని వంట మాడ్చేది. బాబాయి రైలు దిగి వచ్చి, చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడి నా మొహం చూసేవాడు. నేను తల అడ్డంగా ఊపితే అప్పుడు లోపలికి వచ్చేవాడు. చివరికి జవాబు వచ్చింది. మేం భయపడిందే. ఆ వయసులో కోత కష్టమని, వారాల తరబడి రోజూ కరెంటు పెట్టాలని డాక్టరు చెప్పారు. కిరణాలతో చేసే వైద్యాన్ని మావైపు అందరూ కరెంటు పెట్టడమనే అంటారు. ఆ మాటే కొంప ముంచింది.

"కరెంటు తగిలి కాకి సచ్చిపోవడం సూళ్లేదేటి? తీగలు కట్టి నన్ను కాల్సేస్తారా? నాను రాను," అంది అమ్మమ్మ.

"తీగలుండవత్తా. కిరణాలంట," అన్నాడు బాబాయి.

"కిరణాలు కావాలంటే అరసవిల్లి సామి దగ్గర ఉన్నాయి. ఆదోరం ఎల్లి ఎండలో నోరు తెరుసుకుని కూకుంతాను."

పిన్ని ఏడ్చింది, బాబాయి అరిచాడు, ఊరి నుంచి మా అమ్మ వచ్చి కాళ్లు పట్టుకుంది. ఆవిడ కదల్లేదు. అందరూ నా వైపు తిరిగారు. "నువ్వు సదివేది అదే కదే. నువ్వు సెప్పు. ఏటీ అవ్వదని సెప్పు," అంది పిన్ని. నేను లేచి పెరట్లోకి వెళ్లిపోయాను. వాళ్లందరికీ భయం తెలియనితనం వల్ల. నా భయం వేరు. నా గొట్టాలు పెట్టే విశాఖ యంత్రంలో కిరణాలు ఇచ్చేదీ కోబాల్టే, ఆసుపత్రి యంత్రంలో ఉన్నదీ కోబాల్టే. తేటగా ఉన్న గాజు గంటల్లో నేరేడు రంగుకి తిరగడం నా కళ్లతో చూశాను. ఒక్క అణువుకి తగిలిన దెబ్బ ఎంతమందిని దాటి వెళ్తుందో లెక్కలు కట్టాను. మరి ఆ దెబ్బ అంగిలికి తగిలితే ఎక్కడికి చేరుతుంది? నాలుకకా, కంటికా, మెదడుకా? పుస్తకాల్లో చూశాను. ఆ కిరణాలతోనే నయమవుతుందని రాసి ఉంది, నమ్మాను కూడా. అయినా రాత్రిళ్లు లేచి ఆ పేజీలే మళ్లీ తిరగేసేదాన్ని.

మర్నాడు మేడంకి చెప్పాను.  "సుందరీ, మన గాజుని చూసి మనిషిని ఊహించుకోకు. గాజు బిగుసుకున్నది, దెబ్బని అలాగే పట్టుకుని ఉంటుంది. ప్రాణమున్న కణం వెచ్చనిది, తగిలిన దెబ్బని బాగుచేసుకుంటుంది. ఆ పుండుకి ఆ శక్తి తక్కువ. వైద్యం ఆ తేడా మీదే ఆధారపడింది," అంది. తర్వాత, "ఆవిణ్ణి ఒకసారి ఇక్కడికి తీసుకురా. నువ్వు చేసే పని చూస్తే తీగలు కట్టరని అయినా తెలుస్తుంది," అంది.

అమ్మమ్మ కాలేజీకి రావడం అదే మొదలు, అదే ఆఖరు. మధ్యాహ్నం పూట రిక్షా దిగి, మెట్ల దగ్గర చెప్పులు విడిచి, వద్దన్నా వినకుండా ఒట్టికాళ్లతోనే ప్రయోగశాలలోకి వచ్చింది. మేడం స్టూలు వేసింది. నేను ఫ్లాస్కు మూతికున్న దూది తీశాను. చల్లటి పొగ బల్ల మీదుగా పారి అమ్మమ్మ ఒళ్లోకి జారింది. "ఓలమ్మో, ఐసుకి ఇంత పొగేటి!" అని చెయ్యి వెనక్కి తీసుకుంది. ముందు కిరణాలు పడని గొట్టం చూపించాను, తేటగా, నీళ్లలా. తర్వాత కిటికీ తెరలు వేసి, కిరణాలు పడినది ఎత్తి చిన్న దీపం ముందు పెట్టాను. నేరేడు రంగు చూసి ఆవిడ స్టూలు మీంచి ముందుకి వంగింది.

"రంగేటి ఏసినావు?"

"ఏ రంగూ ఎయ్యలేదు అమ్మమ్మా. కిరణాలు పడితే అలాగయింది."

"అయితే నా నోరు కూడా ఇలాగ నేరేడుపండైపోతాదేటి?"

మేడం నవ్వింది, నేనూ నవ్వాను. అమ్మమ్మ నవ్వలేదు. అప్పుడు దీపం ఆర్పి, నెమలి రంగు గొట్టాన్ని నైట్రోజన్‌లోంచి పైకి తీసి పట్టుకున్నాను. చీకట్లో అది వెచ్చబడుతూ ఒక్కసారి మిణుగురులా నీలంగా వెలిగింది. చిక్కుకున్న ఎలక్ట్రాన్లు వదిలించుకుని వెనక్కి వెళ్లేటప్పుడు వచ్చే వెలుగు అది. తర్వాత ఆరిపోయింది. మేడం తెర తీసింది. గొట్టంలో రంగు లేదు, తేట ద్రవం ఉంది.

అమ్మమ్మ గొట్టం కేసి చాలాసేపు చూసింది. "మొదట్లాగయిపోయిందేటి?"

"అయింది."

"అచ్చం మొదట్లాగేనా?"

నేను గొట్టాన్ని స్టాండులో పెట్టాను. అచ్చం మొదట్లా కాదు. కొన్ని బంధాలు తెగిపోతాయి, కొన్ని కొత్త పదార్థాలు పుడతాయి, అవి కంటికి కనిపించవంతే. ఔనంటే అయిపోయేది. పిన్నీ, అమ్మా, బాబాయీ అందరూ నన్ను అడిగింది ఆ ఒక్క ఔననే. నేను తల ఎత్తేసరికి ఆవిడ గొట్టాన్ని కాదు, నన్నే చూస్తోంది.

"కాదు అమ్మమ్మా. కొంత పాడవుతాది. నీ నోరు కూడా పుండుతో పాటు కొంత పాడవుతాది. మండుతాది, ఆరిపోతాది. సానా మట్టుకు తిరిగొస్తాది. అంతా రాదు," అన్నాను.  "ఎళ్లకపోతే మాత్రం ఆ పుండు ఊరుకోదు."

అమ్మమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. "ఇంటికాడ అందరూ ఏటీ కాదు, ఏటీ కాదు అంతన్నారు. ఏటీ కానిదానికి ఆలెందుకు ఏడస్తన్నారని నాకు బయమేసినాది. నువ్వొక్కర్తివి నిజం సెప్పినావు. ఎప్పుడెల్లాలి?" అంది. నేను మాత్రం ఆ రోజు అన్నం తినలేదు. ఆవిడ ఒప్పుకున్నది నా మాట మీద. ఇక ఏం జరిగినా నా మాట మీదే జరుగుతుంది.

తర్వాతి వారాల్లో ఆదివారాలు తప్ప రోజూ పొద్దున రైలు. అదే రైలు, నా ఒళ్లో ఫ్లాస్కు బదులు నా భుజం మీద అమ్మమ్మ తల. ఆసుపత్రిలో ఆవిణ్ణి బల్ల మీద పడుకోబెట్టి, తల కదలకుండా సర్ది, అందరూ బయటికి వచ్చేసేవారు. బరువైన తలుపు మూసుకునేది, పైన ఎర్ర దీపం వెలిగేది. నా గొట్టాలు యంత్రంలో పెట్టి నేను హాయిగా టీ తాగడానికి వెళ్లిపోయేదాన్ని. ఇక్కడ బెంచీ మీంచి లేవలేకపోయేదాన్ని. తలుపు అవతల ఏం జరుగుతోందో అక్షరం అక్షరం తెలిసి కూర్చోవడం ఎంత శిక్షో పక్కన కూర్చున్న వాళ్లకి చెప్పినా అర్థమయ్యేది కాదు. వాళ్లు దేవుణ్ణి తలుచుకునేవారు. నాకు దేవుడి కన్నా ముందు ఎలక్ట్రాన్లు గుర్తొచ్చేవి. దీపం ఆరగానే తలుపు దగ్గరికి పరిగెత్తి ఆవిడ మొహంలోకి చూసేదాన్ని, అక్కడ ఏదైనా రంగు మారిందేమోనని. "ఏటలా సూస్తావు? నాను గాజుగొట్టాన్నేటి?" అనేది.

మొదటి రోజుల్లో ఏమీ కాలేదు. "ఇంతేనేటి కరెంటు? సల్లగా పడుకుని లేసి వచ్చినాను," అని రైల్లో అందరికీ చెప్పింది. తర్వాత నోరు ఎర్రబడింది. ఆ తర్వాత లోపలంతా పొక్కిపోయింది. లాలాజలం బంకలా సాగేది, తర్వాత అదీ ఎండిపోయింది. నీళ్లు తాగాలన్నా కళ్లు మూసుకుని గుటక వేసేది. చుట్ట ఎవరూ మానమనకుండానే మానేసింది, పొక్కిన ఆ నోటికి పొగ ఎలా పడుతుంది. పాలు, పల్చటి గంజి, అంతే. అవి కూడా రుచి లేవని తోసేసేది. "మన్ను నాకినట్టున్నాది. ఉప్పు ఎయ్యలేదేటే?" అంటే పిన్ని ఇంకాస్త వేసేది. ఆవిడ మళ్లీ అదే మాట. పిన్ని నా వైపు చూసేది. నేను గోడ వైపు చూసేదాన్ని. నాలుక మీద రుచి మొగ్గలకీ దెబ్బ తగిలిందని నాకు తెలుసు. తిరిగి వస్తాయో రావో మాత్రం నాకు తెలీదు.

ఒకరోజు విజయనగరం స్టేషన్లో బండి వచ్చి ఆగింది గానీ అమ్మమ్మ బెంచీ మీంచి లేవలేదు. జబ్బ పట్టుకుని లేపబోతే విదిలించుకుంది. మాట స్పష్టంగా రావడం లేదు. "నానింక రాను. సంపేస్తే సంపేయండి," అన్నది మాత్రం అర్థమైంది. నేను బతిమాలాను. ఆవిడ తల అటు తిప్పుకుంది. గార్డు జెండా పట్టుకుని సిగ్నలు కోసం చూస్తున్నాడు. ఆ రోజు మానేస్తే మర్నాడు కూడా మానేస్తుందని, మధ్యలో ఆపేస్తే పుండు మళ్లీ లేస్తుందని, పాడైనదంతా ఊరికే పాడైనట్టవుతుందని నాకు తెలుసు.

గరివిడి వెళ్లే బండి కోసం అవతలి ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ బాబాయి అది చూశాడు. వంతెన మెట్లు ఎక్కి దిగి, రొప్పుతూ వచ్చి, ఏమీ అడగకుండా అమ్మమ్మ పక్కన కూలబడ్డాడు. టిఫిను డబ్బా ఒళ్లో పెట్టుకున్నాడు.

"నువ్వెందుకొచ్చినావు? నీ బండి ఎల్లిపోతాది," అంది అమ్మమ్మ.

"ఎల్లనీ. నువ్వెల్లకపోతే నానూ డూటీకి ఎల్లను. ఇద్దరం ఇక్కడే కూకుందాం."

"పని పోతాదిరా రావుడూ."

"పోనీ. నాను నీ దగ్గరే కూకుంతాను. నాకేటి తొందర."

ఆవిడ అతని మొహంలోకి చూసింది. అతను పట్టాలకేసి చూస్తూ కూర్చున్నాడు. చెవి వెనక నల్లపొడి ఇంకా అంటుకునే ఉంది. అమ్మమ్మ కొంగు చివర ఉమ్మితో తడుపుకోబోయింది. ఉమ్మి రాలేదు. ఒట్టి కొంగుతోనే ఆ మసి తుడిచి, అతని భుజం మీద చెయ్యి వేసి లేచింది. బండి కదులుతుంటే ఇద్దరం కలిసి ఆవిణ్ణి లోపలికి ఎక్కించాం. ఆ తర్వాత మళ్లీ ఒక్క రోజూ ఆవిడ మొండికెయ్యలేదు. బాబాయి ఆ రోజు డ్యూటీకి ఎంత ఆలస్యంగా వెళ్లాడో, ఏం మాట పడ్డాడో మాకెప్పుడూ చెప్పలేదు.

కరెంటు పెట్టడం అయిపోయాక అసలైన భయం మొదలైంది. వెళ్తున్నంత కాలం ఏదో చేస్తున్నామన్న ధైర్యం ఉండేది. ఇప్పుడు చెయ్యడానికి ఏమీ లేదు, చూస్తూ కూర్చోవాలి. నేను టార్చిలైటు దిండు పక్కనే పెట్టుకునేదాన్ని. పుండు తగ్గుతున్నట్టు ఒకరోజు అనిపించేది, పెరిగినట్టు ఒకరోజు అనిపించేది. నా గొట్టాల పని అటకెక్కింది. మేడం ఏమీ అనేది కాదు. డాక్టరు రమ్మన్న రోజు రానే వచ్చింది. ఆయన చాలాసేపు వెలుగు వేసి చూసి, వేలితో తడిమి, "మానింది. ఇక చుట్ట ముట్టుకోకమ్మా," అన్నారు. అమ్మమ్మ తల ఊపింది. 

ఇప్పుడు కిరణాల కోసం మావాళ్లు అప్పట్లా బితుకుబితుకుమంటూ వెళ్లక్కర్లేదు. కంప్యూటర్లు పుండు ఆకారం గీసి, పక్కనున్న వాటికి వీలైనంత తగలకుండా గురిపెడతాయి. నా శిష్యురాళ్లు కొందరు అలాంటి చోట్లే ఉద్యోగాలు చేస్తున్నారు, వివరంగా చెప్తారు. విని సంతోషిస్తాను. అయినా వారానికోసారి అద్దం ముందు నోరు తెరిచి, ఫోన్ వెలుగులో నా అంగిలి చూసుకుంటాను. నేను జీవితంలో చుట్ట ముట్టలేదు. చదువు నా భయాన్ని పోగొట్టలేదు. దేనికి భయపడాలో, ఎంత భయపడాలో మాత్రం నేర్పింది. అప్పట్లో మా ఇంట్లో పిన్ని ఏడ్చి తేలికపడేది, బాబాయి అరిచి తేలికపడేవాడు. ఇప్పుడు మా ఇళ్లలో అందరం ఫోన్లో లక్షణాలు వెతుక్కుని ఎవరి గదిలో వాళ్లం మౌనంగా భయపడతాం. ఏది నయమో నేను చెప్పలేను. అమ్మమ్మ మాత్రం ఆ తర్వాత చాలా ఏళ్లు బతికింది. ముసలితనంతో నిద్రలో పోయింది గానీ ఆ పుండుతో కాదు.

డాక్టరు మానిందన్నాక కూడా ఇంట్లో ఎవరికీ నమ్మకం చిక్కలేదు. అమ్మమ్మ గంజి నుంచి మెత్తటన్నానికి వచ్చింది కానీ తిండి మీద ధ్యాస లేదు. పెట్టింది తినేది, తీసేస్తే ఊరుకునేది. ఆవిడ కంచంలోకి మాత్రం పిన్ని విడిగా ఉప్పు కలిపి పెట్టేది. ఎంత కలిపినా తేడా లేదు. నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం మా నాన్న ఊరి నుంచి కోనాం చేప పంపించాడు. పిన్ని పులుసు పెట్టింది. అమ్మమ్మ వాటా ఎప్పట్లాగే వేరే గిన్నెలోకి తీసి, అందులో ఉప్పు దండిగా వేసి, అన్నంతో మెత్తగా పిసికి కంచంలో పెట్టింది. పిన్ని వడ్డిస్తుంటే మేం ముగ్గురం వసారాలో తింటున్నాం. అమ్మమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. ఆగింది. మొహం చిట్లించింది. నా చేతిలో ముద్ద అక్కడే ఆగిపోయింది, మళ్లీ మండుతోందేమోనని. బాబాయి కంచం జరిపి లేవబోయాడు.

"ఒసే సత్తీ, ఇదేటే, సముద్రం నీళ్లతో వండినావేటి? ఇంత ఉప్పేటి?" అంది అమ్మమ్మ పిన్నికేసి చూసి.

పిన్ని గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తర్వాత గోడకి ఆనుకుని కిందికి జారి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడవడం మొదలెట్టింది. బాబాయి తల పక్కకి తిప్పుకున్నాడు. నేను అమ్మమ్మ కంచంలోంచి ఒక ముద్ద తీసుకుని నోట్లో పెట్టుకున్నాను. నాలుక తిరిగిపోయేంత ఉప్పు.

అమ్మమ్మ మా ముగ్గురినీ మార్చిమార్చి చూసింది. "ఉప్పెక్కువైతే ఏడస్తారేటే ఎవలైనా? ఇంకో రెండు గరిటెలు అన్నం ఎయ్యి, సరిపోతాది," అని కంచం ముందుకి తోసింది.